చెవివత్తియు మన వృత్తిధర్మమును

(మచిలీపట్టణమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల నుండి శ్రమయనక విచ్చేసిన నాయీబ్రాహ్మణ సోదర సోదరీమణులారా! సంఘపోషకులారా!

నేను పండితుడను గాను, పట్టభద్రుడను గాను. నలువది సంవత్సరములుగా క్షౌరశాల నడుపుకొనుచు దానితో పిల్లలను చదివించుకొన్న సామాన్యుడను. నాకు తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని గూర్చి వైద్యులనడిగి తెలిసికొని, ఆ రెంటిని మీ యెదుట నుంచుటకే వచ్చితిని.

నిన్నటి విషయనిర్ణయ సభలో కొందరు యువసోదరులొక సూచన చేసిరి. నగరములందలి స్పాలలోను, బ్యూటీపార్లర్లలోను ఇప్పుడు చెవిలో మైనపువత్తి నిలిపి వెలిగించి గులిమి తీయుదుమని చెప్పుచు ఒక్కొక్కరియొద్ద వందలకొలది రూపాయలు పుచ్చుకొనుచున్నారనియు, ఆ పని నేర్పుటకు మన సంఘము తరగతులు పెట్టినచో క్షౌరశాలల ఆదాయము పెరుగుననియు వారి సూచన. సూచించినవారి యుద్దేశము మంచిదే. అద్దెలు పెరిగినవి, పెద్ద కంపెనీల దుకాణములు మన వీధులలోనికే వచ్చినవి. కత్తెర యొక్కదానితో కుటుంబము సాగుట కష్టమగుచున్నది. ఐనను ఆ సూచనను నేను వ్యతిరేకించుచున్నాను. ఏల వ్యతిరేకించుచున్నానో విన్నవించుటయే ఈ ప్రసంగముయొక్క పని.

సోదరులారా! చెవి మనకు క్రొత్త విషయము కాదు. ఆసుపత్రులు లేని కాలమున పల్లెలలో పుండు కోసినవారు, కట్టు కట్టినవారు, చెవి శుభ్రము చేసినవారు మనవారే. మన యిండ్ల స్త్రీలు మంత్రసానులై ఊరి బిడ్డలను చేతులలోనికి తీసికొనిరి. ధన్వంతరిని మన కులమునకు మూలపురుషునిగా చెప్పుకొనుట ఇందుచేతనే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధికి పుట్టువెండ్రుకలు తీయించుటకును, చెవులు కుట్టించుటకును వచ్చు తల్లిదండ్రులు నేటికిని బిడ్డ తలను నమ్మకముతో మన చేతికప్పగించుచున్నారు. ఇంకొక సంగతి. సన్నాయియు డోలును మనవి. శ్రుతి తెలిసిన చెవి మన కులమువారికి కూడుపెట్టు చెవి. కావున చెవిని గూర్చి పొరపాటు చేయు హక్కు ఇతరులకున్నదేమో కాని మనకు లేదు.

మా తండ్రిగారు దివిసీమలో పేరుపొందిన పనివారు. ఆయన అడపములో కత్తులతోపాటు సన్నని చెవిపుల్ల యొకటి యుండెడిది. ఉదయపుటెండ చెవిలో పడునట్లు మనిషిని కూర్చుండబెట్టి, ముందురోజు రాత్రి నూనెచుక్క వేయించి, బయటికి కనబడు గులిమిని మాత్రము తీసెడివారు. ఒకనాడు ఒక రైతు, ఇంకను లోపలనున్నది తీయుమని బలవంతపెట్టెను. మా తండ్రిగారు మొగమాటమునకు పోయి పుల్లను లోనికి పోనిచ్చిరి. ఆ మనిషి కేకవేసి చెవి పట్టుకొనెను, రక్తము వచ్చెను. తరువాత ఆ చెవి చీము పట్టి చాలకాలము కారినది. ఆ రైతు మమ్ము నిందింపలేదు. కాని మా తండ్రిగారు మరునాడే ఆ పుల్లను కాలువలో పారవేసిరి. "కనబడనిచోట చేయి పెట్టకురా, అబ్బాయీ" అని నాతో అనిరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ అడపమే పోయినది, ఇల్లే పోయినది. మేము బందరు చేరితిమి. ఆయన యాస్తిగా నాకు మిగిలినది ఆ యొక్క మాట.

ఇక చెవి నిర్మాణమును గూర్చి కొంచెము మనవి చేసెదను. బయటి రంధ్రము మొదలుకొని కర్ణభేరి వరకు గల మార్గము పెద్దవారిలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందు వెలుపలి మూడవవంతు మృదులాస్థితో నేర్పడినది. అక్కడనే వెండ్రుకలును, గులిమిని తయారుచేయు గ్రంథులును ఉన్నవి. లోపలి రెండు వంతులు ఎముక. దానిపై చర్మము మిక్కిలి పలుచన. దాని చివరనున్న కర్ణభేరి మిల్లీమీటరులో పదవవంతు మందముగల పొర. ఇంత పలుచని పొరయే మనము వినుటకు ద్వారము.

గులిమి, కొందరు గుబిలి యందురు, మురికి కాదు. గ్రంథుల స్రావము, రాలిన చర్మపుపొట్టు కలిసినదే గులిమి. అది నీటిని చర్మమునకు పట్టనీయదు. దుమ్మును, పురుగులను ఆపును. తన ఆమ్లగుణముచే సూక్ష్మక్రిములను పెరుగనీయదు. చెవి చర్మము కర్ణభేరి నుండి బయటివైపునకు మెల్లమెల్లగా జరుగుచుండును. మనము నమలునప్పుడును మాటలాడునప్పుడును దవడ కదలికయు దానికి తోడ్పడును. అట్లు పాత గులిమి తనంతట బయటికి వచ్చి రాలిపోవును. అందుచే నూటికి ఎక్కువమందికి చెవిని శుభ్రము చేయవలసిన పనియే లేదు. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడియీక, ఇప్పటి దూదిపుల్ల, ఇవన్నియు బయటికి వచ్చుచున్నదానిని తిరిగి లోనికి నెట్టి గట్టిపరచును. గులిమి బిగిసిన చెవులలో అనేకములు ఇట్లు మనచేతనే బిగిసినవి.

ఇప్పుడు చెవివత్తి సంగతి. నూలుగుడ్డను తేనెమైనములోనో పారఫిన్ మైనములోనో ముంచి, లోపల బోలుగా నుండునట్లు జానెడుకు పైగా పొడవుగల గొట్టముగా చుట్టుదురు. మనిషిని ప్రక్కకు పరుండబెట్టి సన్నని కొనను చెవిలో నిలిపి పైకొనను వెలిగింతురు. పావుగంట కాలిన తరువాత మిగిలిన మొదలును చీల్చి, అందున్న గోధుమవర్ణపు పొడిని చూపి, ఇదిగో మీ గులిమి యందురు. మంట పైకి లాగును, ఆ లాగుటచే చెవిలోని గులిమి గొట్టములోనికి వచ్చును అని వారు చెప్పు కారణము.

ఈ మాటను 1996లో అమెరికా వైద్యులు సీలీ, క్విగ్లీ, లాంగ్‌మన్ అనువారు పరీక్షించి చూచిరి. చెవిమార్గమువంటి నమూనాలో వత్తిని కాల్చి లోపలి పీడనమును యంత్రముతో కొలిచిరి. లాగుట యేమియు కనబడలేదు. ఎనిమిది చెవులలో వత్తిని కాల్చి ముందు వెనుకలు చూచిరి. గులిమి రాలేదు; కొన్ని చెవులలో వత్తిమైనమే అదనముగా చేరినది. తరువాత 122 మంది చెవివైద్యులను విచారింపగా, ఈ వత్తులవలన దెబ్బతిన్న చెవులు 21 తేలినవి. అందు 13 కాలినవి, 7 వత్తిమైనముతో పూడుకొన్నవి, ఒకదానికి కర్ణభేరి చిల్లుపడినది. 2010లో అమెరికా ఆహార ఔషధ పరిపాలనా సంస్థ ఈ వత్తులు వాడవలదని ప్రజలను హెచ్చరించినది. తయారుదారులు చెప్పిన రీతిగానే వాడినను గాయములు కాగలవని ఆ హెచ్చరిక సారాంశము. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంస్థ 2017లో సవరించి ప్రకటించిన మార్గదర్శకములలోను గులిమికి చెవివత్తి కూడదనియే యున్నది.

మన బందరు శాస్త్రపరికరములు చేసిన ఊరు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో విలీనమైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఈ పట్టణములోనిదే. కొలిచి చూడనిదే నమ్మవలదను బుద్ధి ఈ గాలిలోనే యున్నది. కావున నేనును ఒక చిన్న పరీక్ష చేసితిని. రెండు వత్తులు కొని, ఒకదాని మొదలును ఖాళీ గాజుసీసా మూతిలో నిలిపి కాల్చితిని. ఆ సీసాకు చెవి లేదు, గులిమి లేదు. చల్లారిన పిదప మొదలును చీల్చగా అదే గోధుమపొడి, అదే మైనపు ముద్ద! అనగా ఆ పొడి వత్తిదే కాని మనిషిది కాదు. మధ్యాహ్న విరామ సమయమున రెండవ వత్తిని మండపము వెలుపల మీ కన్నుల యెదుటనే సీసాలో కాల్చి చూపెదను. నా మాట నమ్మవలదు, మీరే చూచుకొనుడు.

ఇది ప్రాచీనవిద్య యని కొందరందురు. అమెరికాలోని హోపీ జాతివారి పేరు పెట్టి ఈ వత్తులనమ్మిరి. అట్టి ఆచారము తమకు లేదని హోపీలే ప్రకటించిరి. మన ఆయుర్వేదమున కర్ణధూపనము కలదు గదా యని మరికొందరందురు. కలదు. కాని అది దుర్గంధముతో కారు చెవికిని, పురుగుపడిన చెవికిని చెప్పబడిన పొగ. గులిమిని పైకి లాగు ఉపాయము కాదు. గట్టిపడిన గులిమిని సుశ్రుతుడు కర్ణగూథమనెను. తైలముతో నానబెట్టి, చెమర్చి కరగించి, పిదప శలాకతో తీయవలెనని ఆయన చెప్పిన క్రమము. ముందు మెత్తబరచి పిమ్మట తీయుట యను ఆ క్రమమే నేటి వైద్యులదియును. వ్రేలాడు మంటను ముఖముపై నిలుపుమని ధన్వంతరి శిష్యులెవ్వరును చెప్పలేదు.

ఇంతవరకు చెప్పినది పుస్తకపు సంగతి. ఇప్పుడు చెప్పబోవునది మా యింటి సంగతి. చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. ఐనను అతని యనుమతితోనే చెప్పుచున్నాను. నా మేనల్లుడు గుడివాడ ప్రాంతమున సన్నాయి వాయించి జీవించుచున్నాడు. రెండేండ్ల క్రిందట నొక ఉదయము లేచునప్పటికి అతని కుడిచెవి మూసుకొనిపోయినట్లయ్యెను. నొప్పి లేదు, చీము లేదు. లోపల హోరు మాత్రముండెను. "మామయ్యా! ఒక చెవి వినబడుటలేదు" అని నాకు ఫోను చేసెను. నేను పెద్దవాడను గదా! "గులిమియే అయియుండును, తీయించుకొనుము" అంటిని. అతడొక పట్టణమున ఒక పార్లరునకు పోయెను. వారు వత్తి వెలిగించి పొడి చూపిరి. కొంత వచ్చినది, ఇంకను ఉన్నది, మరల రమ్మనిరి. పొడిని కన్నులార చూచిన పిదప నమ్మక యేమి చేయును? మూడుసార్లు పోయెను. మూడువారములు గడచెను. వినికిడి రాకపోగా విజయవాడలో వైద్యునికి చూపించితిమి. ఆయన దీపము పెట్టి చూచి, చెవిలో గులిమి లేదు, దెబ్బతిన్నది లోపలి నాడి అని చెప్పెను. హఠాత్తుగా వచ్చిన ఇట్టి చెవుడునకు మొదటి దినములలోనే, ఆలస్యమైనను రెండువారములలోపల, మందు ప్రారంభించినచో వినికిడి తిరిగివచ్చు అవకాశము హెచ్చనియు, ఇప్పుడు ప్రయత్నింతుము గాని మాట యీయలేననియు ఆయన అనెను. మందులు వాడితిమి. ఆ చెవి తిరిగిరాలేదు.

సోదరులారా! ఆ పార్లరువారు అతని చెవిని కాల్చలేదు. మైనపుచుక్కయైనను పడలేదు. వారు చేసిన నష్టము కాలహరణము. ఆ నష్టమునకు మొదటి కారణము నా మాట. చూడకుండ నిర్ణయించినవాడను నేనే. మా తండ్రిగారు కాలువలో పారవేసిన చెవిపుల్లను నేను నోటితో తిరిగి పట్టుకొంటిని. నేడు అతడు ఎడమచెవితో శ్రుతి చూచుకొనుచు, డోలువానిని ఎప్పుడును ఎడమవైపుననే కూర్చుండబెట్టుకొనుచున్నాడు. ఈ సభకు మంగళవాద్యము వాయించినవారిలో అతడొకడు.

మన యువకుల వాదములకు ఇప్పుడు సమాధానము చెప్పెదను. వత్తి పెట్టించుకొన్నవారు హాయిగా నున్నదందురు గదా యని వారనవచ్చును. పావుగంట కన్నులు మూసికొని వెచ్చదనములో పరుండిన నెవరికి హాయి కాదు? ఆ హాయిని మన తలమర్దనమే ఇచ్చుచున్నది. దానికి మంట యక్కరలేదు. జాగ్రత్తగా చేసిన ప్రమాదముండదు గదా యందురు. కరగిన మైనము క్రిందికి జారుట దాని స్వభావము. క్రింద నున్నది మిల్లీమీటరులో పదవవంతు పొర. పైగా క్షౌరశాలలో తలనూనెలు, స్పిరిటు, స్ప్రేలు, వెండ్రుకలు చుట్టునుండును. అడిగినవారికే చేయుదుము, లేకున్న ప్రక్కవాడు చేయును అందురు. ప్రక్కవాడు పొడి చూపి డబ్బు తీసికొన్నచో అది అతని లెక్క. ఆ పొడి వత్తిదని తెలిసియు మనము తీసికొన్నచో అది దానిని మించిన లెక్క. నిన్నటివరకు తెలియదు, ఈ సభ ముగిసిన పిదప తెలియదనుటకు వీలులేదు.

అట్లైన గులిమి బిగిసినవారు ఏమి చేయవలెను? మెత్తబరచు చుక్కలు కలవు. శుభ్రమైన ఆలివునూనె, సోడాబైకార్బొనేటు చుక్కలు మొదలైనవి కొన్నిదినములు వేసినచో చాలమందికి గులిమి తానే జారిపోవును. జారనిచో వైద్యుడు శరీరపు వెచ్చదనముగల నీటిని పిచికారితో కొట్టియో, సూక్ష్మదర్శినిలో చూచుచు పీల్చుయంత్రముతోనో, సాధనముతోనో తీయును. కాని కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, చెవి కారువారు, చెవికి శస్త్రచికిత్స జరిగినవారు వైద్యునడుగక చుక్కలైనను నీరైనను పోయరాదు. చిల్లు ఉన్నదో లేదో మనకు కనబడదు. కావున ముందు చూపించుకొనుటయే మేలు.

మన ప్రాంతమునకు చెందిన కొన్ని సంగతులు మరువరాదు. కాలువలలో స్నానము, ఈ డెల్టా ఉక్కపోత, తడిచెవిలో పుల్లతో గోకుట, ఈ మూడును కలిసినచో చెవిలో బూజు పెరుగును. దురద, మూసుకొన్నట్లుండుట దాని గురుతులు. దానిని గులిమి యనుకొని నూనె పోసినచో తగ్గదు. వెల్లుల్లి రేకులు వేసి కాచిన నూనెను వేడివేడిగా చెవిలో పోయు అలవాటు మన యిండ్లలో ఇంకను ఉన్నది, చర్మము, కర్ణభేరి కాలును, దానిని మానుడు. నూర్పిళ్ళ కాలమున పిల్లలు వడ్లగింజయో పెసరగింజయో చెవిలో దూర్చుకొందురు. నీరు పోసినచో గింజ ఉబ్బి మరింత బిగియును. పోయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గడియారపు చిన్న బ్యాటరీ దూరినచో గంటలలోనే చెవిని తినివేయును, క్షణమైనను ఆగరాదు. మధుమేహముగల వృద్ధులకు తీవ్రమైన చెవిపోటు వచ్చినచో అది ప్రాణాంతకము కావచ్చును. అకస్మాత్తుగా వినికిడి పోయినచో ఆ దినముననే పరుగెత్తవలెను. మా యింటి కథ అందుకు సాక్ష్యము.

చూపించుకొనుటకు చోటులేదను కాలము పోయినది. 2023లో ఈ మచిలీపట్టణముననే ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. చెవుడు నివారణకై కేంద్రప్రభుత్వము 2007లో ఆరంభించిన జాతీయ కార్యక్రమమును ఉన్నది. లోపించినది ఒక్కటే: పల్లెలోని మనిషికి, నీవు అక్కడికి పోవలెను అని చెప్పు నమ్మకస్థుడు. ఆ నమ్మకస్థుడు మనమే కాగలము. నెలకొకసారియైనను మన కుర్చీలో కూర్చుండని మగవాడు ఈ మూడు ప్రాంతములలో నెందరున్నారు? చెవి ప్రక్కన కత్తెర ఆడించుచు, చెవి కారుటయు, మాట వినక మరల అడుగుటయు మొదట గమనించువారము మనమే.

కావున ఈ మహాసభయందు నేను మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: చెవివత్తి తరగతుల సూచనను ఉపసంహరించుకొని, మన క్షౌరశాలలలో చెవిలోపల ఏ పుల్లయు, ఏ వత్తియు పెట్టమని తీర్మానింతుము గాక. రెండవది: ఆ తరగతులకు అనుకొన్న సొమ్ముతో, చెవిజబ్బుల హెచ్చరిక గురుతులను మన యువకులకు వైద్యులచే చెప్పింతము, ఒక కాగితముపై ముద్రించి ప్రతి అద్దము ప్రక్కను అంటింతము. మూడవది పోషకులకు: ప్రతి సంవత్సరము మార్చి 3వ తేదీ ప్రపంచ వినికిడి దినము. ఆ దినమున అవనిగడ్డ, గుడివాడ, బందరులలో వైద్యులను రప్పించి, మొట్టమొదట మన వాద్యకళాకారులకు, పిదప ఊరివారికందరకు ఉచితముగా చెవిపరీక్షలు చేయించుటకు మీరు తోడ్పడవలెను. వివాహములలో మీ యింటిముందు వాయించిన సన్నాయికి మీరిచ్చు తాంబూలములలో ఇంతకు మించినది వేరొకటి యుండదు.

ఆదాయము సంగతి మరువలేదు. యువకులు అడిగినది అన్నము. దానికి నేను ఉపదేశము చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. చర్మము, కేశములను గూర్చిన శాస్త్రీయమైన శిక్షణ, తలమర్దనము, పరిశుభ్రమైన పరికరములు, వీనికి సంఘము ఋణము, తరగతులు ఏర్పాటుచేయవలెనని నేను వారి పక్షముననే నిలిచి అడుగుచున్నాను. ఆ తీర్మానమును ప్రతిపాదించువారిలో నా పేరును చేర్చుకొనుడు.

పల్లెవాడు తలవంచి మెడను మన కత్తి క్రింద నుంచుచున్నాడు. అంతటి నమ్మకము రాజులకును దొరకదు. దానిని వత్తిపొడికి అమ్ముకొనవలదని నా ప్రార్థన.